గురుత్వ తరంగములు – కృష్ణబిల సిద్ధాంత పరీక్షా చరిత్ర

కృష్ణబిలమను మాట నేడు పాఠశాలా విద్యార్థులకు సైతము పరిచితమైనదే. కాని ఆ మాట సూచించు వస్తువు తొలుత గణిత సమీకరణములలో పుట్టినదనియు, అర్ధశతాబ్దికి పైగా ఆ సమీకరణములలోనే నివసించినదనియు ఎరిగినవారు తక్కువ. ప్రకృతిలో అట్టి వస్తువు నిజముగా గలదా, గలిగినచో అది సమీకరణములు వర్ణించినట్లే యున్నదా అని ఆ వస్తువునే నేరుగా అడుగుటకు దగిన సాధనము మానవునకు 2015వ సంవత్సరమునందు చేజిక్కినది. ఆ సాధనమే గురుత్వ తరంగము. దాని చరిత్ర ఐరోపా, అమెరికా ఖండములకు మాత్రమే సంబంధించినదని తలచుట పరిపాటి. ఆ తలపు పూర్తిగా సరికాదు. ఆ పరీక్షకు మూలాధారమైన లెక్కను మొదట వేసినవారు బెంగుళూరు నగరమున జన్మించినవారు. ఆ పరీక్షను ముందునకు సాగింపనున్న పరికరములలో నొకటి, 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమునందు తెలుగు జిల్లాలతో కలిసియుండిన మరాట్వాడా ప్రాంతమునకు నిర్ణయింపబడినది. కర్ణాటక, మహారాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన ఆంధ్రులకు ఈ రెండు తావులును పరాయివి కావు.

1915 నవంబరునందు ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షతా సిద్ధాంతమును బెర్లినులో వెల్లడించెను. ద్రవ్యరాశి గల ప్రతి వస్తువును తన చుట్టునున్న స్థలకాలములను వంచుననియు, ఆ వంపే గురుత్వాకర్షణముగా అనుభవమునకు వచ్చుననియు ఆ సిద్ధాంతసారము. నెలలైనను గడువకముందే కార్ల్ ష్వార్జ్‌షీల్డ్ అను జర్మను జ్యోతిశ్శాస్త్రవేత్త, మొదటి ప్రపంచ సంగ్రామమున రష్యా సరిహద్దుననున్న సైన్యములో కొలువు చేయుచునే, గోళాకారమైన ఒక వస్తువు చుట్టు స్థలకాలము ఎట్లు వంగునో కచ్చితముగా లెక్కించి పంపెను. 1916 మే నెలలో అతడు వ్యాధిగ్రస్తుడై మరణించెను. అతని సూత్రములో ఒక వింత యుండెను. సూర్యుని ద్రవ్యరాశినంతటిని మూడు కిలోమీటర్ల వ్యాసార్ధములోనికి కుదించినచో, ఆ హద్దు దాటి లోపలికి పోయినదేదియు, కాంతి సైతము, వెలుపలికి రాజాలదు. భూమిని అట్లు కుదింపవలెనన్నచో తొమ్మిది మిల్లీమీటర్ల వ్యాసార్ధము చాలును; అనగా భూగోళమంతయు ఒక ఉసిరికాయలో ఇమడవలెను. ఇట్టిది ప్రకృతిలో జరుగునని ఐన్‌స్టీన్ సైతము నమ్మలేదు.

నమ్మవలసిన అవసరము నక్షత్రముల మరణమును గూర్చిన విచారణ వలన కలిగెను. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖరుగారు 1930లో, పందొమ్మిదేండ్ల వయస్సున, ఇంగ్లండునకు ఓడప్రయాణము చేయుచు, ఇంధనము తీరిన నక్షత్రమొకటి ఒక పరిమితిని మించిన బరువు గలదైనచో శ్వేతకుబ్జ తారగా నిలువజాలదని లెక్క తేల్చిరి. ఆ పరిమితి సూర్యుని ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లు. 1935లో లండను నగరమున రాయల్ ఖగోళశాస్త్ర సమాజపు సభయందు ఎడింగ్టన్ మహాశయుడు ఈ ఫలితమును బహిరంగముగా పరిహసించెను. అంతటి పెద్ద నక్షత్రము అదుపు లేక కూలిపోవుట ప్రకృతికి తగని పని యని ఆయన వాదము. వాదములో హాస్యమునకు చోటు దొరికినప్పుడు గణితమునకు చోటు తగ్గుట లోకమున కొత్త కాదు. 1939లో ఓపెన్‌హైమర్, స్నైడర్ అను అమెరికను శాస్త్రజ్ఞులు అట్లు కూలిపోవు ధూళిగోళము ష్వార్జ్‌షీల్డ్ చెప్పిన హద్దులోనికి పోయి కనుమరుగగుననియే నిరూపించిరి.

1963లో న్యూజిలాండు దేశీయుడైన రాయ్ కెర్, తన చుట్టు తాను తిరుగు కృష్ణబిలమునకు తగిన సూత్రమును కనుగొనెను. ఆ పిమ్మట కొలది సంవత్సరములలో ఇజ్రాయేల్, కార్టర్, హాకింగ్ మొదలగువారు ఒక ఆశ్చర్యకరమైన ఫలితమునకు వచ్చిరి. విద్యుదావేశము లేని కృష్ణబిలమును సంపూర్ణముగా వర్ణించుటకు రెండే సంఖ్యలు చాలును: ఒకటి దాని ద్రవ్యరాశి, రెండవది దాని భ్రమణము. అది ఏ నక్షత్రము నుండి పుట్టినది, ఏ పదార్థమును మ్రింగినది, దాని పూర్వరూపమెట్టిది అను వార్త ఏదియు వెలుపల మిగులదు. గాలిలో ఎగురు దూదిపింజను వర్ణించుటకు సైతము వేల సంఖ్యలు కావలెను. సూర్యునికంటె అరువది రెట్లు బరువైన వస్తువునకు రెండు చాలునట! ఒక సిద్ధాంతము ఇంత తెగించి పలుకుట అరుదు. ఇట్లు తెగించి పలికిన మాటయే పరీక్షకు మిక్కిలి అనువైనది. ఏలయనగా మూడవ సంఖ్య అవసరమని ఒక్కమారు కనబడినను ఆ సిద్ధాంతము కూలును.

ఐతే పరీక్షించుటెట్లు? కృష్ణబిలము కాంతిని వెలువరింపదు. దాని చుట్టు తిరుగు వాయువులు కాంతిని వెలువరించును గాని, ఆ కాంతి వాయువుల కథనే ఎక్కువగా చెప్పును. కృష్ణబిలము తనంత తాను పలుకగల భాష ఒక్కటే. అది గురుత్వ తరంగము.

ఈ తరంగముల ఉనికియే దీర్ఘకాలము సందేహాస్పదముగా నుండెను. స్థలకాలముల వంపులో పుట్టిన అలజడి కాంతివేగముతో అలలుగా వ్యాపించునని ఐన్‌స్టీన్ 1916లో ప్రకటించెను. 1936లో నేథన్ రోజెన్‌తో కలిసి అట్టి తరంగములు లేవని ఒక వ్యాసము వ్రాసి అమెరికాలోని ఫిజికల్ రివ్యూ పత్రికకు పంపెను. పత్రికవారు దానిని మరియొక పండితునకు చూపి, అతని ఆక్షేపణలతో తిప్పి పంపగా, ఐన్‌స్టీన్ కోపించి వ్యాసమును వెనుకకు తీసికొనెను. ఆ పరిశీలకుడు హెచ్. పి. రాబర్ట్‌సన్ అని చాల కాలమునకు వెల్లడియైనది. ఆక్షేపణ సరియైనదే. ఐన్‌స్టీన్ నిర్ణయమును మార్చుకొని, సవరించిన వ్యాసమును వేరొక పత్రికలో ప్రకటించెను. 1974లో హల్స్, టేలర్ అనువారు ఒకదాని చుట్టు ఒకటి తిరుగు రెండు న్యూట్రాను తారల జంటను కనుగొనిరి. ఆ జంట కక్ష్య సంవత్సరమునకు సంవత్సరము కుంచించుకొనిపోవు తీరు, తరంగముల రూపమున శక్తి వ్యయమగుచున్నదని చెప్పిన లెక్కకు సరిపోయినది. అప్పటికి సందేహము తీరెను గాని, తరంగము నేరుగా చేతికి చిక్కలేదు.

ఇచ్చట బెంగుళూరు ప్రసక్తి వచ్చుచున్నది. సి. వి. విశ్వేశ్వరగారు 1938లో బెంగుళూరున జన్మించి, అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయమున చార్లెస్ మిస్నర్ అను ఆచార్యుని యొద్ద పరిశోధన సాగించిరి. కృష్ణబిలమను పేరు జాన్ వీలర్ వలన 1967 నుండి ప్రచారములోనికి వచ్చుచుండిన రోజులవి. ఆ వస్తువులను గంభీరముగా తీసికొనువారు స్వల్పసంఖ్యాకులు. విశ్వేశ్వరగారు మొదట చేపట్టిన ప్రశ్న సామాన్యముగా తోచునదే: కృష్ణబిలమును కొంచెము కదల్చినచో ఏమగును? కొనపై నిలబెట్టిన పెన్సిలు వలె కూలిపోవునా, గిన్నె అడుగున నున్న గోలీ వలె మరల తన స్థితికి వచ్చునా? ఈ ప్రశ్నను 1957లో రెజ్జీ, వీలర్ అనువారు ఎత్తుకొనిరి గాని పూర్తిచేయలేదు. కూలిపోవునదైనచో అట్టి వస్తువు ప్రకృతిలో నిలువదు; దానిని గూర్చిన వాదములన్నియు వ్యర్థము. ష్వార్జ్‌షీల్డ్ కృష్ణబిలము స్థిరమైనదేనని విశ్వేశ్వరగారు 1970లో ప్రకటించిన వ్యాసమున చూపిరి.

అంతటితో ఊరకుండిన వారి పేరు నిపుణుల పట్టికలో మాత్రమే మిగిలియుండును. వారు అదే సంవత్సరమున నేచర్ పత్రికయందు మరియొక చిన్న వ్యాసమును ప్రకటించిరి. కంటికి కనబడని వస్తువు ఉన్నదని తెలిసికొనుట ఎట్లు అని ప్రశ్నించుకొని, చీకటిలో నున్న వస్తువుపై రాయి విసరి చప్పుడు వినునట్లు, కృష్ణబిలముపై గురుత్వ తరంగములను విసరి తిరిగివచ్చునదేమో లెక్కించి చూచిరి. ఇదంతయు కంప్యూటరులోని ప్రయోగమే. విసరిన తరంగము కృష్ణబిలముకంటె మిక్కిలి వెడల్పైనదైనప్పుడు విశేషమేమియు కనబడలేదు. వరదనీరు చిన్న గుంజ మీదుగా పోయినట్లు ఆ తరంగము కృష్ణబిలమును దాటి పోయినది. తరంగమును క్రమముగా సన్నము చేయుచు, దాని వెడల్పు కృష్ణబిలపు పరిమాణమునకు సమీపించినంతనే ఫలితము మారినది. తిరిగివచ్చిన తరంగము వెనుక ఒక తోక కనబడెను: క్రమబద్ధమైన కంపనములు, త్వరత్వరగా క్షీణించిపోవునవి. దేవాలయములోని గంటను కొట్టినప్పుడు నాదము పుట్టి అణగిపోవు తీరున కృష్ణబిలము మ్రోగినది.

ఈ మ్రోతలోని ముఖ్యాంశమును గమనింపవలెను. గంటను కఱ్ఱతో కొట్టినను, ఇనుముతో కొట్టినను దాని స్థాయి మారదు. స్థాయి గంటను బట్టి యుండును గాని కొట్టినదానిని బట్టి కాదు. విశ్వేశ్వరగారి లెక్కలో సైతము కంపనముల వేగము, అవి క్షీణించు కాలము విసరిన తరంగముపై ఆధారపడలేదు. కృష్ణబిలపు ద్రవ్యరాశిపై మాత్రమే ఆధారపడినవి. తిరుగుచున్న కృష్ణబిలమునకు భ్రమణము కూడ లెక్కలోనికి వచ్చును. సూర్యుని ద్రవ్యరాశికి పదిరెట్లు గల, తిరుగని కృష్ణబిలము సెకనుకు సుమారు 1,200 కంపనములతో మ్రోగి, ఒక సెకనులో వేయవ వంతునకు లోపుననే అణగిపోవును. బరువు పెరిగినకొలది స్థాయి తగ్గును, నాదము ఎక్కువసేపు నిలుచును. గంటకును దీనికిని ఒక భేదము కలదు. గంటలో మ్రోగునది కంచు. ఇచ్చట మ్రోగుటకు కంచు లేదు, రాయి లేదు. కృష్ణబిలము చుట్టునున్న వంగిన శూన్యమే మ్రోగుచున్నది. రెండే సంఖ్యలు చాలునను మాట నిజమైనచో, మ్రోతలోని ప్రతి స్వరమును, ప్రతి ఉపస్వరమును ఆ రెండు సంఖ్యల నుండియే రావలెను. ఒక స్వరము విని ద్రవ్యరాశిని, భ్రమణమును తెలిసికొనవచ్చును. రెండవ స్వరము విన్నచో అది మొదటి దానితో ఏకీభవించుచున్నదా లేదా చూచి సిద్ధాంతమునే పరీక్షింపవచ్చును.

1970లో ఇట్టి నాదమును వినగల పరికరము భూమిపై లేదు. మేరీలాండులోనే జోసెఫ్ వెబర్ పెద్ద అల్యూమినియపు దిమ్మెలతో తరంగములను పట్టితినని 1969లో ప్రకటించియుండెను గాని, ఇతరులు అట్టి దిమ్మెలు చేయించి ఎంత వెదకినను ఏమియు దొరకలేదు. విశ్వేశ్వరగారు భారతదేశమునకు తిరిగివచ్చి బెంగుళూరులోని రామన్ పరిశోధనాలయమునందును, భారతీయ ఖగోళ భౌతిక సంస్థయందును పనిచేసిరి. అచ్చటి జవాహర్‌లాల్ నెహ్రూ నక్షత్రశాలకు మొదటి సంచాలకులైరి. ఆ నగరమున తెలుగు, కన్నడ, తమిళ కుటుంబముల పిల్లలు తరములుగా ఆకాశమును గూర్చి తొలిపాఠము నేర్చుకొనుచున్న స్థలమది. ఈలోగా వారి లెక్కను ఇతరులు పెంచి పోషించిరి. ఆ స్వరములకు విలియమ్ ప్రెస్ 1971లో శాస్త్రీయ నామమును పెట్టెను. ట్యుకోల్‌స్కీ తిరుగు కృష్ణబిలమునకు తగిన సమీకరణమును సాధించెను. 1975లో చంద్రశేఖరుగారు డెట్‌వైలర్‌తో కలిసి స్వరముల సంఖ్యలను నిర్ణయించిరి. ఎడింగ్టన్ పరిహాసమును భరించి నక్షత్రశాస్త్రపు ఇతర శాఖలకు మరలిన చంద్రశేఖరుగారు నలువది సంవత్సరములకు మరల అదే వస్తువు యొద్దకు వచ్చుట ఈ చరిత్రలోని రసవద్ఘట్టము. కృష్ణబిలముల గణితముపై వారి బృహద్గ్రంథము 1983లో వెలువడినది. నోబెల్ బహుమానము వచ్చినదియు ఆ సంవత్సరమే.

రెండు కృష్ణబిలములు ఒకదాని చుట్టు ఒకటి తిరిగి, సమీపించి, కలిసి ఒకటియగునప్పుడు పుట్టు తరంగమును లెక్కించుట ఇంకను కష్టము. దూరముగా తిరుగుచుండు దశను కాగితముపై సాధింపవచ్చును. దీనిలో రామన్ పరిశోధనాలయమునకు చెందిన బాల అయ్యర్‌గారు ఫ్రాన్సు దేశపు పండితులతో కలిసి చేసిన కృషి ప్రసిద్ధము. కలయిక క్షణమును కంప్యూటరులే లెక్కింపవలెను. అందులో 2005లో ఫ్రాన్స్ ప్రిటోరియస్ తొలిసారిగా కృతకృత్యుడయ్యెను. పరికరపు రొదలో మునిగిన అతిస్వల్ప సంకేతమును, ముందుగా సిద్ధపరచిన వేలకొలది నమూనాలతో పోల్చి వెలికి తీయు పద్ధతిని పూణె నగరమున సంజీవ్ ధురంధర్, సత్యప్రకాశ్‌గార్లు 1990 తరువాత అభివృద్ధి చేసిరి. సంతలో వేయిమంది అరచుచున్నను తల్లి తన బిడ్డ గొంతు గుర్తించుటకు కారణము ఆ గొంతు ఆమెకు ముందే తెలిసియుండుట. ఈ పద్ధతియు నట్టిదే.

లైగో అను పరికరములు రెండు అమెరికా దేశమున లూయిసియానాలోని లివింగ్‌స్టన్ యొద్దను, వాషింగ్టన్ రాష్ట్రములోని హాన్‌ఫర్డ్ యొద్దను గలవు. ఒక్కొక్కదానికి లంబకోణమున రెండు భుజములు. ప్రతి భుజము నాలుగు కిలోమీటర్ల పొడవు. లేజరు కాంతి ఆ భుజములలో అద్దముల నడుమ పోయివచ్చి, వాని పొడవులలోని భేదమును తెలుపును. 2015 సెప్టెంబరు 14వ తేదీన, భారత కాలమానమున మధ్యాహ్నము 3 గంటల 20 నిమిషములకు, మొదట లివింగ్‌స్టన్, ఏడు మిల్లీసెకనులు గడచిన పిమ్మట హాన్‌ఫర్డ్ ఒకే సంకేతమును నమోదు చేసినవి. అది ఐదవ వంతు సెకను నడచినది. సెకనుకు 35 కంపనముల నుండి 250 వరకు ఎగసి, ఒక్కసారిగా అణగిపోయినది. భుజముల పొడవులో కలిగిన భేదము ప్రోటాను వ్యాసములో కొన్ని వందలవ వంతు. సూర్యునికి సుమారు 36 రెట్లును, 29 రెట్లును గల రెండు కృష్ణబిలములు సుమారు 130 కోట్ల కాంతిసంవత్సరముల దూరమున కలిసి 62 రెట్ల కృష్ణబిలముగా నేర్పడినట్లు విశ్లేషణము తెలిపినది. లెక్కలో తక్కువపడిన మూడు సూర్యుల ద్రవ్యరాశి తరంగశక్తిగా వ్యయమైనది. 2016 ఫిబ్రవరి 11న ఈ వార్త లోకమునకు తెలిసెను. నలువదియైదేండ్లకు పూర్వము తాము లెక్కించిన మ్రోత వంటిదే ఆ సంకేతపు తుదిలో కనబడుటను చూచుటకు విశ్వేశ్వరగారు జీవించియుండిరి. మరుసటి సంవత్సరము జనవరి 16న వారు పరమపదించిరి. 2017 నోబెల్ బహుమానము వైస్, థోర్న్, బారిష్ అనువారికి లభించినది.

ఇక సంకేతముతో సిద్ధాంతమును పరీక్షించుట మొదలయ్యెను. కలయికకు ముందున్న భాగమును మాత్రమే తీసికొని, పుట్టబోవు కృష్ణబిలపు ద్రవ్యరాశి, భ్రమణములను లెక్కింపవచ్చును. కలయికకు పిదపనున్న భాగమును మాత్రమే తీసికొని ఆ రెండు సంఖ్యలనే స్వతంత్రముగా లెక్కింపవచ్చును. న్యాయస్థానమున ఇద్దరు సాక్షులను వేర్వేరుగా విచారించి, వారి మాటలు కలియుచున్నవో లేదో చూచు పద్ధతి వంటిదిది. బెంగుళూరులోని అంతర్జాతీయ సైద్ధాంతిక విజ్ఞాన కేంద్రమునకు చెందిన అజిత్‌గారును వారి సహచరులును ఈ పరీక్షను రూపొందించుటలో ముఖ్యపాత్ర వహించిరి. 2015 నాటి సంకేతమున ఇద్దరు సాక్షులు విరుద్ధముగా పలుకలేదు. ఐనను నాదము బలహీనము. సాక్షుల మాటలు కలిసినవనుటకంటె తగవుపడలేదనుట సమంజసము.

రెండవ స్వరమును గూర్చియే అసలు వివాదము. 2019లో మాక్సిమిలియానో ఇసీ మొదలగువారు అదే 2015 సంకేతమున ప్రధానస్వరముతోబాటు ఒక ఉపస్వరము వినబడుచున్నదని ప్రకటించిరి. 2022లో కొటెస్టా మొదలగువారు అదే సమాచారమును మరల పరిశీలించి, ఆ ఉపస్వరమనునది పరికరపు రొద కావచ్చుననియు, నాదము ఏ క్షణమున ఆరంభమైనదని ఎంచుకొందుమో దానినిబట్టి ఫలితము మారుచున్నదనియు వాదించిరి. మొదటివారు తమ మాటను విడువలేదు. ఇరుపక్షములవారును నిపుణులే, ఇరువురి చేతిలోను ఉన్నది ఒకే సంకేతము. ఉపస్వరము కొన్ని మిల్లీసెకనులలో నశించునది కావున, ఆరంభక్షణమును కొంచెము ముందునకు జరిపినచో కలయికలోని అల్లకల్లోలము కలియును. కొంచెము వెనుకకు జరిపినచో వినవలసినది వినకముందే పోవును.

మరియొక వివాదము ఇంతకంటె లోతైనది. 2016లో కార్డోసో, పానీ మొదలగువారు ఒక ఇబ్బందికరమైన సంగతిని ఎత్తిచూపిరి. విశ్వేశ్వరగారి మ్రోత పుట్టునది కృష్ణబిలపు క్షితిజమున, అనగా తిరిగిరాని హద్దున కాదు. ఆ హద్దుకు వెలుపల, తిరుగని కృష్ణబిలమున ఒకటిన్నర రెట్ల వ్యాసార్ధమున, కాంతి వలయముగా తిరుగగల స్థలమొకటి కలదు. అచ్చట చిక్కిన తరంగములు తిరుగుచు తిరుగుచు కొంత లోపలికి, కొంత వెలుపలికి జారిపోవుటయే ఆ మ్రోత. కావున క్షితిజము లేకుండ, దానికి మిక్కిలి సమీపముగా ఏదో ఒక ఉపరితలము గల వింతవస్తువు ఉన్నను, మొదట అది కృష్ణబిలము వలెనే మ్రోగును! భేదము తరువాత వచ్చును. లోపలికి జారిన తరంగము ఆ ఉపరితలమును తాకి వెనుకకు వచ్చి, కొండలోయలో కేక వలె ప్రతిధ్వనులుగా వినబడవలెను. ఆ సంవత్సరాంతముననే అఫ్షోర్దీ ప్రభృతులు 2015 సంకేతము మొదలగు వానిలో అట్టి ప్రతిధ్వనుల జాడ దొరికినదని ప్రకటింపగా గొప్ప సంచలనము కలిగినది. తరువాతి పరిశీలనలు ఆ జాడను స్థిరపరచలేదు. లైగో బృందమువారు మరిన్ని సంకేతములను వెదకినను ప్రతిధ్వనికి సాక్ష్యము కనబడలేదు. కాని సాక్ష్యము లేకపోవుట వేరు, క్షితిజము ఉన్నదని రుజువగుట వేరు. ఇప్పటికి తెలిసినది మొదటిది మాత్రమే. పత్రికలలో ఈ రెండింటిని ఒకటిగా వ్రాయుట తరచుగా కనబడుచున్నది.

2025 జనవరి 14న వచ్చిన సంకేతము ఈ వాదములను కొంత తేల్చినది. పదేండ్లలో పరికరములు ఎంతగానో మెరుగుపడినందున, మొదటి సంకేతము వంటిదే యగు ఈ సంకేతము సుమారు మూడు రెట్లు స్పష్టముగా వినబడినది. సూర్యునికి 33 రెట్లకు అటునిటుగా నుండు రెండు కృష్ణబిలములు కలిసి 63 రెట్లది ఏర్పడినది. ఈసారి ప్రధానస్వరముతోబాటు మొదటి ఉపస్వరము విడిగా గుర్తింపబడినది. రెండును కెర్ సూత్రము నిర్ణయించిన తావులలోనే యున్నవి. 1971లో స్టీఫెన్ హాకింగ్ ప్రతిపాదించిన మరియొక సూత్రమునకును ఇదే పరీక్షగా పరిణమించెను. కృష్ణబిలములు కలిసినప్పుడు శక్తి ఎంత వ్యయమైనను, క్షితిజముల మొత్తపు వైశాల్యము ఎన్నడును తగ్గరాదని ఆ సూత్రము. కలయికకు పూర్వము రెండింటి వైశాల్యము సుమారు 2 లక్షల 40 వేల చదరపు కిలోమీటర్లు. అనగా 2014కు పూర్వమున్న ఆంధ్రప్రదేశ్‌కంటె కొంత చిన్నది. కలయిక పిమ్మట అది సుమారు 4 లక్షల చదరపు కిలోమీటర్లు. 2021లో ఇసీ ప్రభృతులు మొదటి సంకేతముతో ఇదే పరీక్ష చేసినప్పుడు నిశ్చయము నూటికి 95 పాళ్లు. ఇప్పుడు నూటికి 99.999 పాళ్లు. హాకింగ్ 2018లో మరణించినందున ఈ ఫలితమును చూడలేదు.

సాపేక్షతా సిద్ధాంతమునకు పోటీగా వచ్చిన మతములు కొన్ని ఈ లోపుననే నేలగూలినవి. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాను తారలు కలిసినప్పుడు, సుమారు 13 కోట్ల సంవత్సరములు ప్రయాణము చేసిన గురుత్వ తరంగమునకును, గామా కిరణములకును నడుమ ఎడము 1.7 సెకనులు మాత్రమే. తరంగవేగము కాంతివేగముకంటె భిన్నముగా నుండునని చెప్పిన మతములు ఆ ఒక్క దినమున బలి యయ్యెను. ఇది కృష్ణబిలముల వలన కాక తారల వలన లభించిన తీర్పు గనుక ఇచ్చట విస్తరింపనక్కరలేదు.

మిగిలిన ప్రశ్నలలో ఒకటి తరంగముల ధ్రువణమును గూర్చినది. తరంగము వచ్చినప్పుడు వస్తువులు ఏయే దిక్కుల సాగి ఏయే దిక్కుల కుంచించుకొనునో ఆ తీరునకు ధ్రువణమని పేరు. ఐన్‌స్టీన్ సిద్ధాంతము రెండు తీరులకు మాత్రమే తావిచ్చును. ఇతర మతములలో ఆరు తీరుల వరకు ఉండవచ్చును. అమెరికాలోని రెండు పరికరముల భుజములు ఇంచుమించు ఒకే వాలున అమర్పబడినవి కావున, తీరుభేదములను వానితో మాత్రమే తేల్చుట సాధ్యము కాదు. ఇటలీలో పీసా నగరము సమీపముననున్న విర్గో 2017లో తోడైన పిదప కొంత వెసులుబాటు కలిగినది. జపానులోని కాగ్రా ఇంకను అంత సూక్ష్మతను అందుకొనలేదు. వేరొక వాలున, వేరొక ఖండమున మరియొక పరికరము అవసరమైనది.

ఆ పరికరమునకు నిర్ణయింపబడిన స్థలము మహారాష్ట్రములో హింగోలీ జిల్లాయందలి ఔంఢా సమీపమున నున్నది. ద్వాదశ జ్యోతిర్లింగములలో ఒకటిగా పలువురు లెక్కించు నాగనాథ క్షేత్రమదియే. హైదరాబాదు రాష్ట్రకాలమున అది పర్భణీ జిల్లాలోనిది. 1956లో బొంబాయి రాష్ట్రమునందును, 1960లో మహారాష్ట్రమునందును చేరినది. హింగోలీ ప్రత్యేక జిల్లాగా 1999లో ఏర్పడినది. లైగో-ఇండియా అను ఈ పథకమునకు కేంద్ర మంత్రివర్గము 2016 ఫిబ్రవరి 17న, అనగా మొదటి సంకేతపు వార్త వెలువడిన ఆరు దినములకే, సూత్రప్రాయముగా అంగీకారము తెలిపినది. పూర్తి అనుమతి 2023 ఏప్రిలులో సుమారు 2,600 కోట్ల రూపాయల వ్యయమునకు లభించినది. మే 11న శంకుస్థాపన జరిగినది. నడుమ గడచిన ఏడేండ్లలో ఇతర దేశముల పరికరములు పదులకొలది సంకేతములను వినినవి. ఆ కాలమున ఔంఢా పరికరము లేకపోవుట వలన కలిగిన లోటును లెక్కింపగలవారు శాస్త్రజ్ఞులు మాత్రమే గనుక, దానిని గూర్చి ప్రజలలో చర్చ జరుగలేదు. అమెరికావలెనే ఇచ్చటను నాలుగు కిలోమీటర్ల భుజములు రెండు, వానిలో గాలి తీసివేసిన ఉక్కు గొట్టములు, భూకంపనములు సోకకుండ వ్రేలాడదీసిన అద్దములు ఉండును. ఈ దశాబ్ది తుదకు పూర్తిచేయవలెనని సంకల్పము. అది పనికి వచ్చిననాడు, ఏదేని సంకేతము మొదట ఔంఢాను చేరునో, హాన్‌ఫర్డ్‌ను చేరునో, నడుమ ఎన్ని మిల్లీసెకనులు గడచునో చూచి, అది ఆకాశమున ఏ దిక్కు నుండి వచ్చినదో ఇప్పటికంటె సన్నముగా గుర్తింపవచ్చును. ధ్రువణపు తీరులు రెండా, అంతకు మించియా అను ప్రశ్నకును అచ్చటి భుజముల వాలు నుండియే కొంత సమాధానము రావలసియున్నది.